కొత్తవాడ శౌరమ్మ స్పానిష్ సినిమాలు

ఆరెపల్లి శౌరమ్మ సినిమాలను వరంగల్‌లో చూసినవాళ్లు చాలా తక్కువ. ఒకటి తప్ప అన్నీ స్పానిష్‌లోనే ఉన్నాయి. పెరూ దేశంలోనూ దాని ఇరుగుపొరుగు దేశాల్లోనూ సినిమాల గురించి రాసేవాళ్లకు ఆమె హవియేరా ఆరెపల్లిగా తెలుసు. కొత్తవాడలో మాత్రం ఇప్పటికీ ఆమె కండెలు చుట్టే మార్తమ్మ బిడ్డ, కాశిబుగ్గ టెంట్‌హౌస్ దావీదు చెల్లెలు. పెద్దవాళ్లను అడిగితే "మఠం ఇడిసిన సిస్టరమ్మ గదా" అంటారు.

శౌరమ్మ అన్నా హవియేరా అన్నా ఒకే పేరు. స్పెయిన్‌లో పుట్టిన పునీత ఫ్రాన్సిస్ జేవియర్ తెలుగు కతోలికుల నోట ఎప్పుడో శౌరి అయ్యాడు. ఆయన పండుగ వారంలో పుట్టింది కాబట్టి ఫాదర్ ఆ పిల్లకు శౌరమ్మ అని జ్ఞానస్నానం ఇచ్చాడు. పాతికేళ్ల తర్వాత పెరూలో తోటి సిస్టర్లకు ఆ పేరు నోరు తిరగలేదు. అర్థం అడిగి తెలుసుకుని హవియేరా అని పిలవడం మొదలుపెట్టారు. అట్లా ఆ పేరు బయల్దేరిన భాషకే తిరిగి వెళ్లింది.

తండ్రి రాయప్ప ఎనుమాముల మార్కెట్లో హమాలీ. పత్తి కాలంలో పత్తి బోరాలు, మిర్చి కాలంలో మిర్చి బస్తాలు మోసేవాడు. మిర్చి రోజుల్లో ఇంటికొచ్చి స్నానం చేసేదాకా పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. కళ్లు మండుతాయని. తల్లి మార్తమ్మ పక్కింటి గట్టయ్య మగ్గాల మీద నేసే జంపఖానాలకు నూలు కండెలు చుట్టేది. గట్టయ్య భార్య మొగిలమ్మ, మార్తమ్మ ఒకే వయసువాళ్లు. ఒకే రాట్నం ముందు మార్చిమార్చి కూర్చునేవాళ్లు. శౌరమ్మ, ఆమె అన్న దావీదు ఆ మగ్గాల గుంటల మధ్యనే పెరిగారు.

శౌరమ్మకు చిన్నప్పుడు సినిమా పిచ్చి లేదు. ఈ సంగతి ఆమె ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది. అడిగినవాళ్లు నమ్మినట్టు కనిపించరు. ఆమెకు ఇష్టమైంది దవాఖాన. రాయప్పకు బస్తా కొక్కెం గుచ్చుకుని భుజం చీము పట్టినప్పుడు మిషన్ దవాఖానలో ఒక సిస్టర్ రోజూ కట్టు మార్చేది. తండ్రి వెంట వెళ్లిన శౌరమ్మ పక్కకు తిరగకుండా చూస్తూ నిలబడేది. ఇంటర్ అయిపోయాక నర్సు చదువుతానంది. మఠంలో చేరితే వాళ్లే చదివిస్తారని తెలిసి, మఠంలో చేరతానంది. దేవుని పిలుపు అప్పుడు ఎంత ఉందో, చదువు మీద ఆశ ఎంత ఉందో తనకే తెలియదని తర్వాత ఆమె అంది.

మార్తమ్మకు అటువంటి సందేహాలు లేవు. కూతురు వెళ్లిన రోజు గుడి ముందు నిలబడి అందరికీ చెప్పింది.

"నాకున్నది ఒక్క ఆడపిల్ల. గా ఒక్కదాన్ని దేవునికిచ్చిన."

ఆ మాట ఆమె చాలా ఏళ్లు చెప్పుకుంది. గుడి పక్క హాల్లో ఊరి నుంచి మఠానికి వెళ్లిన ఆడపిల్లల ఫోటోలు వరుసగా ఉండేవి. చివర శౌరమ్మ ఫోటో. పండుగలప్పుడు మార్తమ్మ కొంగుతో దాని అద్దం తుడిచేది.

శౌరమ్మ నర్సయింది, జీవితమంతా సిస్టర్‌గానే ఉంటానని మాటపట్టు తీసుకుంది. ఆమె చేరిన సిస్టర్ల సభ స్పెయిన్‌లో పుట్టింది. పెరూ కొండల్లో ఆ సభ నడిపే దవాఖానలకు నర్సులు దొరకడం లేదని కబురొస్తే, ఇక్కడి నుంచి పంపినవాళ్లలో ఆమె ఒకతె. మొదట లిమా నగరంలో ఉంచి స్పానిష్ నేర్పారు. తరగతిలో కంటే కూరగాయల మార్కెట్లో బేరమాడుతూ ఎక్కువ నేర్చుకుంది. తర్వాత కొల్కాపంపా అనే ఊరికి పంపారు.

కొల్కాపంపా ఎంత ఎత్తున ఉందంటే, మొదటి వారమంతా ఆమె మెట్టుమెట్టుకూ ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. మూడు పూటలా ఆలుగడ్డలు. అక్కడి ఆడవాళ్లు నడుముకు కట్టుకున్న చిన్న మగ్గాల మీద నేస్తారు, తమలో తాము కెచువా అనే భాష మాట్లాడుకుంటారు. స్పానిష్ వాళ్లకు బజారు భాష. శౌరమ్మకూ అంతే. రెండు వైపులా కొద్ది మాటలే కాబట్టి ఎవరూ పొడుగ్గా మాట్లాడేవాళ్లు కాదు.

దవాఖాన శుభ్రంగా ఉండేది. మందులుండేవి. కాన్పుకు మాత్రం ఒక్క మనిషి వచ్చేది కాదు. ఊళ్లో పురుళ్లన్నీ ఎవులాలియా అనే మంత్రసాని పోసేది. నలభై దాటిన మనిషి, మాట కరుకు. శౌరమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పేది. అందరూ తల ఊపేవాళ్లు, ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఒకసారి ఒక బాలింతను రక్తం ఆగని స్థితిలో దుప్పట్లో మోసుకొచ్చారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ మనిషి శౌరమ్మ చేతుల్లోనే పోయింది.

ఎవరో విరాళమిచ్చిన వీడియో కెమెరా ఒకటి గుడిలో ఉండేది. దానితో జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు తీసేవాళ్లు. శౌరమ్మ దాన్ని అడిగి తీసుకుంది. చెప్తే వినరు, ఒక చిన్న నాటకం తీసి చూపిస్తే వింటారేమో అనుకుంది. ఒక నిండు గర్భిణి, దవాఖానకు తీసుకుపోదామనే అత్త, వద్దని అడ్డుపడే మంత్రసాని. అడ్డుపడే వేషానికి ఎవులాలియానే అడిగింది. ఒప్పుకోదనుకుంది కానీ ఒప్పుకుంది.

మొదటి రోజే ఆగిపోయింది. "దవాఖాన వద్దు, అక్కడ దయ్యాలుంటాయి" అని రాసిచ్చిన మాట ఎవులాలియా అనలేదు.

"నేను అలా అనను. నాకు దయ్యాల భయం లేదు."

"మరి ఎందుకు వద్దంటావు?"

"కెమెరా తిప్పు. చెప్తాను."

శౌరమ్మ తిప్పింది. ఎవులాలియా బండరాయి మీద కూర్చుని, వచ్చీరాని స్పానిష్‌లో చెప్పింది. పదేళ్ల కిందట ఊరికి వాహనాలు వచ్చాయి. ఆడవాళ్లకు పరీక్షలు చేస్తాం రమ్మన్నారు. ఎక్కినవాళ్లను పట్నం తీసుకెళ్లి, తెల్లకోట్ల గదిలో పడుకోబెట్టి కడుపు కోశారు. ఇక పిల్లలు పుట్టరని ఇంటికొచ్చాక తెలిసింది. ఎవరూ అడగలేదు. తాను కూడా ఆ బండిలో ఉంది. అప్పటి నుంచి తెల్లకోటు ఉన్న గదికి ఎవరినీ పంపనని ఒట్టు పెట్టుకుంది.

చెప్పడం అయ్యాక ఆమె శౌరమ్మ ఒంటి మీది తెల్లకోటును చూసి, లేచి వెళ్లిపోయింది. శౌరమ్మకు కెమెరా ఆపాలన్న సంగతి తోచలేదు. అందుకే ఆ చిన్న సినిమా చివర చాలాసేపు ఖాళీ బండరాయి, దాని వెనుక కొండ మాత్రమే కనిపిస్తాయి. తర్వాత దాన్ని గొప్ప ముగింపు అని రాశారు. మరిచిపోయానని ఆమె చెప్పింది.

మర్నాటి నుంచి దవాఖానలో తెల్లకోటు వేసుకోవడం మానేసింది. కాన్పు గదిలోకి ఎవులాలియాను రమ్మంది. ఇద్దరూ కలిసి పురుళ్లు పోయడం మొదలుపెట్టాక ఆడవాళ్లు మెల్లగా రాసాగారు. తన జీవితంలో అన్నిటికంటే ఉపయోగపడిన పని అదేనని శౌరమ్మ ఇప్పటికీ అంటుంది.

కానీ ఆ వీడియో ఊళ్లో ఆగలేదు. పండుగకొచ్చిన లిమా కాలేజీ అధ్యాపకురాలు ఒకామె కాపీ తీసుకెళ్లింది. "ఎవులాలియా చెప్పింది" అన్న పేరుతో ఒక చిన్న చిత్రోత్సవంలో వేస్తే బహుమతి వచ్చింది. పత్రికలు రాశాయి. జిల్లా నుంచి అధికారులు మఠానికి ఫోన్లు చేశారు. దవాఖాన అనుమతి కాగితాలు మళ్లీ చూడాలన్నారు.

మదర్ కన్సెప్సియోన్ ఆ మఠానికి పెద్ద. ముప్పై ఏళ్లుగా ఆ కొండల్లోనే ఉన్న మనిషి. శౌరమ్మను పిలిచి కూర్చోబెట్టింది.

"ఆ బండ మీద చెప్పిన భాగం తీసేయి. మిగతాది ఉంచుకో."

"అది తీస్తే మిగిలేది ఏముంది మదర్?"

"దవాఖాన మిగులుతుంది. అది మూతపడితే వచ్చే ఏడు ఎంతమంది పోతారో నీకు తెలుసు."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. శౌరమ్మకు ఆమె మీద అప్పుడు గానీ తర్వాత గానీ కోపం లేదు. కొన్ని నెలలు ఆలోచించింది. ఆ సినిమా తనది, మఠానిది కాదు అని ప్రకటిస్తే దవాఖాన నిలబడుతుంది. అట్లా ప్రకటించాలంటే తాను మఠంలో ఉండకూడదు. మాటపట్టు నుంచి విడుదల కోరింది. అనుమతి రావడానికి చాలాకాలం పట్టింది. సిస్టర్ అంగీ మడిచి మదర్ చేతికిచ్చి, బజార్లో కొన్న స్వెటర్ వేసుకుని లిమా బస్సెక్కింది.

అక్కడి నుంచి ఇంటికి ఫోన్ చేసింది. రాయప్ప ఎత్తాడు.

"బాపూ, నేను మఠం ఇడిసిపెట్టిన."



"పానం మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగున్నది."

"తింటానవా?"

"తింటాన బాపూ."

"అయితే ఫికరు లేదు తియ్యి."

వెనక నుంచి మార్తమ్మ ఎవరని అడగడం, రాయప్ప చెప్పడం వినిపించింది. తర్వాత తలుపు వేసిన చప్పుడు. మార్తమ్మ ఫోన్ దగ్గరకు రాలేదు. ఆ ఏడే కాదు, ఆ తర్వాత కూడా రాలేదు. గుడి పక్క హాల్లో ఫోటో తీసేశారు. తీసేటప్పుడు ఎవరో అయ్యో అంటే, మార్తమ్మే "తియ్యుండ్రి" అందట. దావీదు కొన్నాళ్లు ఆదివారం పూజకు వెనక తలుపు నుంచి వెళ్లి వెనక తలుపు నుంచే వచ్చేవాడు.

లిమాలో శౌరమ్మ ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేరింది. సెలవు రోజుల్లో ఎడిటింగ్ చేసే ఒకామె గదిలో కూర్చుని పని నేర్చుకుంది. ఏ సినిమా బడికీ వెళ్లలేదు. తొలి పెద్ద సినిమా "ఆలుగడ్డల నెల"కు డబ్బు కూడబెట్టేసరికి ఏళ్లు గడిచాయి. భర్త పట్నానికి పోయి తిరిగి రాకపోతే ఒక ఆడమనిషి ఒంటరిగా పంట తవ్వుకోవడమే అందులో కథ. ఆ వేషం ఎవులాలియా వేసింది. పాత్రలు చాలా తక్కువ మాట్లాడతాయి. మాట్లాడినప్పుడు బజారు స్పానిష్‌లో, తప్పులతో, పొట్టి మాటలు. స్పానిష్ పుట్టుభాష అయినవాళ్లకు అది కొత్తగా వినిపించింది. దేశంలో సగంమంది మాట్లాడే స్పానిష్ తెర మీద మొదటిసారి విన్నామని కొందరు రాశారు. భాష రాని దర్శకురాలని మరికొందరు రాశారు. ఆమె రెండూ చదివి, ఉద్యోగానికి వెళ్లింది. రెండో సినిమా "వంతెన అవతలి నీళ్లు" వచ్చి, పక్క దేశపు పెద్ద చిత్రోత్సవంలో మొదటి బహుమతి గెలిచిన తర్వాతే వృద్ధాశ్రమం పని మానేసింది.

ఈ రెండు సినిమాల మధ్య రాయప్ప పోయాడు. మిర్చి దుమ్ము మోసిన ఊపిరితిత్తులు. శౌరమ్మ వచ్చేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. మార్తమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. కూతురు వెళ్లి పక్కన కూర్చుంది. ఇద్దరూ పొద్దు వాలేదాకా అట్లాగే ఉన్నారు. చివరకు మార్తమ్మ లేచి కంచం తెచ్చి ముందు పెట్టింది.

"బువ్వ తిను."

మఠం విడిచిన తర్వాత తల్లి కూతురితో అన్న మొదటి మాట అది. ఆ రాకలో ఇంకో మాట పెద్దగా లేదు. బహుమతి వచ్చినప్పుడు వరంగల్ పేపర్లలో "ఓరుగల్లు ఆడబిడ్డకు విదేశీ పురస్కారం" అని పడింది. ఆమె స్పెయిన్‌లో ఉంటుందని రాశారు. దావీదు ఆ పేపరు టెంట్‌హౌస్ గోడకు అంటించాడు. మార్తమ్మ చూసి "స్పెయిన్ గాదు, పెరూ" అని మాత్రం అంది.

కొన్నేళ్ల కిందట, దావీదు బిడ్డ జెస్సికా పెళ్లికి శౌరమ్మ మళ్లీ వచ్చింది. పెళ్లి కొత్తవాడలోనే, ఇంటి ముందు వీధిలో షామియానా వేసి చేశారు. పెళ్లి వీడియో చూపించడానికి దావీదు తన ప్రొజెక్టరు, తెర పెట్టాడు. మర్నాడు సాయంత్రానికి చుట్టాలు వెళ్లిపోయారు. షామియానా ఇంకా విప్పలేదు. మొగిలమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఏమే శౌరీ, పెండ్లి చేసుకోలే, మఠంల లేవు, మరి గాడ ఏం జేత్తానవ్?"

"సినిమాలు తీస్తాన పెద్దమ్మా."

"అందరు గదే అంటాండ్రు. జర మాకు గూడ సూపెట్టరాదు?"

దావీదు తెర విప్పలేదు కాబట్టి పని సులువైంది. మొగిలమ్మ తన ఈడు ఆడవాళ్లను పిలుచుకొచ్చింది. గట్టయ్య, ఇంకొందరు మగవాళ్లు వెనక నిలబడ్డారు. మార్తమ్మ రానంది. కానీ చాయ్ గిన్నె దగ్గర మనిషి లేడని వచ్చి అక్కడ కూర్చుంది. పెద్ద సినిమా అంటే విసుగొస్తుందేమోనని శౌరమ్మ తొలి చిన్న సినిమా వేసింది. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. వాటిని చదవగలిగినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

"గా పిల్లి గీతలు మాకేం ఎరుక? నువ్వే చెప్పు" అంది మొగిలమ్మ.

దావీదు మైకు తెచ్చి చెల్లెలి చేతికిచ్చాడు. శౌరమ్మ తెర పక్కన నిలబడి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. మొదట పుస్తకం చదివినట్టు చెప్పింది. కాసేపటికి నాలుక సర్దుకుంది. ఎవులాలియా బండ మీద కూర్చునేసరికి ఆమె నోట కొత్తవాడ మాట పలికింది.

"పరీక్ష అన్నరు. జీపుల ఎక్కిచ్చిండ్రు. వేలిముద్ర వెట్టుమన్నరు, వెట్టిన. ఎందుకని నన్నెవరు అడగలే. ఇంటికొచ్చినంక ఎరుకైంది, నాకిగ పిల్లలు గారని."

మొగిలమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"గిది పెరూ కథ అంటవేందే? మమ్ముల గూడ గిట్లనే తోలుకపోలేదా? బడిల క్యాంపు వెట్టిండ్రు. జరమొచ్చిందని సూయించుకుందామని పోతే పండవెట్టిండ్రు. స్టీలు బకీటు ఇచ్చి పంపిండ్రు."

పక్కనున్నావిడ తనకు చీర ఇచ్చారంది. ఇంకొకావిడ తనకు కుట్లు పగిలి నెల రోజులు లేవలేదంది. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడసాగారు. శౌరమ్మ మైకు దించింది. తెర మీద ఎవులాలియా స్పానిష్‌లో చెప్పుకుంటూ పోతూనే ఉంది, ఎవరూ వినడం లేదు. వెనక మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు మెల్లగా జారుకున్నారు. గట్టయ్య నిలబడే ఉన్నాడు.

అప్పుడు చాయ్ గిన్నె దగ్గర నుంచి మార్తమ్మ అంది.

"నాకు గప్పుడు ఇరవై రెండేండ్లు."

మొగిలమ్మ వెనక్కి తిరిగి చూసింది. అన్ని ఏళ్లు ఒకే రాట్నం దగ్గర కూర్చున్నా ఆ సంగతి ఆమెకూ తెలియదని ఆ చూపులో కనిపించింది. మార్తమ్మ గ్లాసులు పేర్చుకుని లోపలికి వెళ్లింది.

పొద్దున్నే శౌరమ్మ తల్లి దగ్గర కూర్చుంది. మార్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అవ్వా, నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పుట్టినప్పుడే. కాన్పయినంక నర్సమ్మ వచ్చి చిన్న కుట్టు ఏస్తమన్నది. నెత్తురు పోతాంది గదా, గందుకనుకున్న."

"మరి వేలిముద్ర?"

మార్తమ్మ చేతులు ఆగాయి.

"మీ బాపు ఏసిండు. బయట ఆయనను పట్టుకొని కాయితం మీద వెట్టిచ్చిండ్రు. ఆయనకేమని చెప్పిండ్రో నాకెరుకలే. నేనడగలే, ఆయన చెప్పలే. నాకు ఇంకో ఇద్దరు పిల్లలు గావాలని ఉండె బిడ్డా. ఉన్న ఒక్క ఆడపిల్లవు నువ్వు. నిన్ను దేవునికిచ్చిన. నువ్వు మర్లి వస్తివి."

తల్లికి తన మీదున్న చాలా ఏళ్ల కోపం ఆ మూడు ముక్కల్లో అర్థమైందని శౌరమ్మ తర్వాత దావీదుతో చెప్పింది. తండ్రి సంగతి మాత్రం ఆమెకు వెంటనే మింగుడుపడలేదు. ఫోన్‌లో తింటున్నావా అని అడిగిన మనిషీ, బయట కాగితం మీద వేలు పెట్టి లోపలున్న భార్యకు చెప్పని మనిషీ ఒకరే. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

మూడో రోజు తల్లిని అడిగింది. కొత్తవాడ ఆడవాళ్లతో ఒక సినిమా తీస్తాను, నువ్వు చెప్తావా అని. అపరిచితులైన ఆడవాళ్లతో ఎన్నో చెప్పించగలదని పేరున్న దర్శకురాలు, సొంత తల్లి ముందు ఆ మాట అడగడానికి ఒక పొద్దంతా తటపటాయించింది. మార్తమ్మకు ఆలోచించడం అవసరం పడలేదు.

"నేను చెప్ప."

"పేరు పెట్టకుంట?"

"పేరు పెట్టకున్నా ఎవలని తెల్వదా? మీ బాపు లేడు. ఉంటే ఎదురుంగ అడుగుదును, ఆయన జవాబు ఆయన చెప్పుకునేటోడు. లేని మనిషిని పదిమంది ముంగట నిలవెట్టుడు నాతోని కాదు."

శౌరమ్మ మళ్లీ అడగలేదు.

మొగిలమ్మ ఒప్పుకుంది. ఆమెతోపాటు ఇంకొందరు, నర్సంపేట వైపు ఊళ్లలో ఉన్న ఆమె చుట్టాలు కూడా. శౌరమ్మ లిమా నుంచి ఒక కెమెరామనిషిని రప్పించింది. రెండు నెలలు తీశారు. తెలుగులో పని చేయడం ఆమె అనుకున్నంత సులువు కాలేదు. స్పానిష్‌లో అయితే ఎవరు ఏమన్నా మాట మాటగా వినిపిస్తుంది, తూకం వేసి ఉంచుకోవచ్చు, తీసేయవచ్చు. ఇక్కడ ప్రతి మాటకూ వెనక ఎవరి మొహమో గుర్తొచ్చేది. ఏది ఉంచాలో తెలిసేది కాదు. ఎడిటింగ్‌కు మిగతా సినిమాలన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది. మార్తమ్మ రోజూ షూటింగ్ దగ్గరే ఉండేది. చాయ్ పోసేది, మగ్గం చప్పుడు ఆపమని గట్టయ్యకు చెప్పేది, వీధిలో హారన్ కొట్టే బండ్లవాళ్లను తిట్టేది. కెమెరా తన వైపు తిరిగితే లేచి వెళ్లిపోయేది. ఒకసారి మొగిలమ్మ చెబుతూ చెబుతూ ఏడుస్తుంటే శౌరమ్మ ఆపమనలేదు. మార్తమ్మే నీళ్ల చెంబుతో కెమెరాకు అడ్డంగా నడిచి వెళ్లింది. ఆ ముక్క సినిమాలో లేదు.

సినిమా పేరు "అడగలే". నిరుడు చలికాలంలో మొదట కొత్తవాడలో, నేత సొసైటీ షెడ్డులో వేశారు. తర్వాత నర్సంపేటలో ఒక ఫంక్షన్ హాల్లో. కొత్తవాడలో అడుగు పెట్టే సందు లేకుండా జనం వచ్చారు. సగంలో ఒక ముసలాయన లేచి, ఇంటి సంగతులు వీధిలో పెడుతున్నారని కేకలేశాడు. ఆయన భార్య చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. గట్టయ్య చివరిదాకా చూశాడు. అందరూ వెళ్లిపోతుంటే భార్య దగ్గరకు వచ్చాడు.

"మొగిలీ, నీకు గంత నొచ్చిందని నాకెరుకలే."

"నువ్వెప్పుడన్న అడిగితివా?" అంది మొగిలమ్మ. అని, మెట్లు దిగడానికి ఆయన భుజం పట్టుకుంది.

స్పానిష్ సినిమాలకు వచ్చినంత పేరు దీనికి రాలేదు. లిమాలో రాసేవాళ్లు మర్యాదగా రాశారు. ఇక్కడి పేపర్లు జిల్లా పేజీలో వేశాయి. వరంగల్‌లో ఒక నర్సింగ్ కాలేజీవాళ్లు విద్యార్థులకు చూపిస్తామని అడిగి తీసుకెళ్లారు. శౌరమ్మ దానికి సంతోషించింది.

సమాధుల పండుగకు ఆమె ఇక్కడే ఉంది. తల్లీకూతుళ్లు రాయప్ప సమాధికి సున్నం వేయడానికి వెళ్లారు. మార్తమ్మ ఒక వైపు, శౌరమ్మ ఒక వైపు. చుట్టూ జనం పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని తిరుగుతున్నారు. శౌరమ్మ కుంచె ఆపకుండానే అడిగింది.

"అవ్వా, బాపు మీద కోపమున్నదా?"

"ఉండె. శాన ఏండ్లు ఉండె." మార్తమ్మ కాసేపు సున్నం కలిపింది. "మనిషి మంచోడే. ఒక్క దినం చెయ్యెత్తలే, మీరు తినకుంట ఆయన తినలే. గానీ గా ఒక్కటి చెప్పాలె గదా. చెప్పకపాయె."

"నువ్వన్న అడగాలె గదా."

"అడిగితే ఎరికుండే చేసిన అంటడేమోనని భయం."

ఆ తర్వాత ఆమె సున్నం పలచగా ఉందని, మరో పూత వేయాలని అంది, దావీదు ఎక్కడికి పోయాడని అడిగింది. కొవ్వొత్తులు వెలిగించి ఇద్దరూ జపమాల చెప్పుకున్నారు. ఆ సంగతి వాళ్ల మధ్య మళ్లీ రాలేదు.

శౌరమ్మ తిరిగి లిమా వెళ్లింది. ఇప్పుడు తీస్తున్నది కొండ దారుల్లో రాత్రి బస్సు నడిపే ఒక ఆడమనిషి కథ, స్పానిష్‌లోనే. ఎవులాలియా ముసలిదైంది, నటించనంది. దవాఖాన నడుస్తోంది. ఆదివారం పూజ అయ్యాక మార్తమ్మ తానే ఫోన్ చేస్తుంది. వీధిలో ఎవరికి పెళ్లి కుదిరింది, గట్టయ్యకు కంటి ఆపరేషన్ ఎప్పుడు, జెస్సికాకు ఎన్నో నెల అన్నీ చెబుతుంది. అక్కడ అప్పటికి ఇంకా శనివారం రాత్రే. శౌరమ్మ మంచం మీద పడుకునే వింటుంది.